ఎర్రరాతి కోటల అడవిలో ఆరు రోజుల సైకిల్ దారి: నోయ్‌స్టాట్ నుంచి సావెర్న్ దాకా

జర్మనీ నైరుతి మూలన ఫాల్ట్స్ అడవి ఉంటుంది. సరిహద్దు దాటితే ఫ్రాన్స్‌లో ఉత్తర వోజ్ కొండలు. పటంలో గీత కనిపిస్తుంది గానీ నేల మీద కనిపించదు. రెండు వైపులా అదే ఎర్ర ఇసుకరాయి, అవే బీచ్, పైన్ చెట్లు. 1998లో యునెస్కో ఈ రెంటినీ కలిపి ఒకే జీవావరణ రిజర్వుగా గుర్తించింది.

కొండలు పెద్ద ఎత్తేమీ కాదు. ఫాల్ట్స్ అడవిలో అన్నిటికన్నా ఎత్తయిన కాల్మిట్ 673 మీటర్లే. ఆ అంకె చూసి ధీమాగా వచ్చి, రోజుకు 90 కిలోమీటర్లు లెక్క వేసుకున్నవాళ్లు మూడో రోజుకు డీలా పడతారు. ఇక్కడ ఎక్కుడు ఒక్కసారితో తీరదు. నూట యాభై మీటర్లు ఎక్కడం, ఎక్కిందంతా దిగేయడం, మళ్లీ ఎక్కడం. పైగా ప్రతి కోటా దారికి పక్కన, రాతి కొమ్ము మీద ఉంటుంది. సైకిల్ కింద వదిలి అరగంట నడవాలి, మెట్లెక్కాలి, అవే కాళ్లతో దిగివచ్చి మళ్లీ తొక్కాలి. అందుకే ఏ రోజు ఎంత దూరమో తేల్చేముందు ఆ రోజు ఎన్ని కోటలు ఎక్కుతారో లెక్కపెట్టండి. సామానుతో 40 నుంచి 60 కిలోమీటర్లు చాలు, రెండు కోటలు మించవద్దు. దారి పట్టుకునే కిటుకు ఒక్కటే: వాగు వెంట ఎక్కడం, మిట్ట దాటడం, అవతలి వాగు వెంట దిగడం.

బయల్దేరే ముందు

ముందు గేర్ల సంగతి. ఆరు శాతం వాలులో సామానుతో గంటకు 8 కిలోమీటర్ల వేగం వస్తే బాగా వెళ్తున్నట్టే. ముందు చక్రపళ్లూ వెనక చక్రపళ్లూ సమానంగా ఉన్న గేరులో ఆ వేగానికి నిమిషానికి 60 సార్లే తొక్కగలరు. మోకాళ్ల మీద భారమంతా పడేది అక్కడే. ముందు 26 లేదా 28 పళ్లు, వెనక 36 ఉంటే అదే వేగానికి 80 దాకా తిప్పొచ్చు. ఒక్కరోజుకైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, ఆరు రోజులకు పట్టించుకోవాలి.

టైరు 40 నుంచి 47 మిల్లీమీటర్ల వెడల్పుది వేయండి. 80 కిలోల మనిషి, 15 కిలోల సామాను అనుకుంటే 42 మిల్లీమీటర్ల టైరుకు వెనక 45 పీఎస్‌ఐ, ముందు 40 దాకా గాలి సరిపోతుంది. లోయల్లోని అటవీ బాటలు గట్టి కంకరవే. ఇబ్బంది పెట్టేది శిఖరాల మీద, మలుపుల్లో పేరుకునే ఇసుక. ఇసుకరాయి అరిగితే వచ్చేది ఇసుకే కదా. ఇసుక మడుగు కనబడగానే ముందే గేరు తగ్గించి, బరువు వెనక్కి వేసి, తొక్కుతూనే ఉండాలి. హ్యాండిల్ తిప్పినా, ముందు బ్రేకు పట్టినా చక్రం జారిపోతుంది.

వానలో ఈ ఇసుకే బ్రేకులను తినేస్తుంది. తడి ఇసుక ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది. కొత్త రెజిన్ ప్యాడ్లు కూడా రెండు మూడు వాన రోజుల్లో అరిగిపోవచ్చు. లోహం కలిపిన సింటర్డ్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, అయితే మీ డిస్కు మీద ‘రెజిన్ మాత్రమే’ అని రాసి ఉంటే అవి వేయకూడదు. ఏదైనా సరే, ఒక జత అదనంగా సంచిలో ఉండాల్సిందే. మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత ప్యాడ్లు తీసేశాక స్క్రూడ్రైవర్‌తో పిస్టన్లను నెట్టబోయి వాటిని పగలగొట్టుకుంటారు. పాతవి లోపల ఉండగానే వాటి మధ్య ప్లాస్టిక్ టైరు లీవర్ దూర్చి రెండు వైపులకూ మెల్లగా తోయాలి. పిస్టన్లు పూర్తిగా వెనక్కి పోయాక పిన్ను లాగి పాతవి తీసి, చుట్టూ ఉన్న ఇసుక తుడిచి కొత్తవి దించాలి. తర్వాత చదును రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగం అందుకుని, దాదాపు ఆగేదాకా గట్టిగా పట్టి వదలడం ఓ ఇరవై సార్లు చేయాలి. ఇది చేయకుండా కొండ దిగితే బ్రేకు అరుస్తుంది, పట్టదు.

చైనుకు చిక్కటి తడి నూనె వద్దు, ఇసుకను అంటించుకుంటుంది. పొడి నూనె గానీ మైనం గానీ వాడండి, రాత్రికి గుడ్డతో తుడవండి. బూట్లు మెత్తటి అట్టవి తెచ్చుకోండి. ఇనుప క్లీట్లతో కోట మెట్లెక్కితే జారతారు, ఆ మెత్తటి రాయికీ మంచిది కాదు.

మే, జూన్, సెప్టెంబర్, అక్టోబర్ మొదటి సగం మంచి కాలం. గడ్డిలో కూర్చుంటే పిడుదులు (రక్తం పీల్చే టిక్ పురుగులు) పడతాయి. సాయంత్రం పిక్కలు, మోకాళ్ల వెనక చూసుకుని, కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగేయాలి.

మొదటి రోజు: నోయ్‌స్టాట్ నుంచి ఎల్మ్‌స్టైన్

నోయ్‌స్టాట్ దాకా రైలు ఉంది. ఈ ప్రాంతపు లోకల్ రైళ్లలో సైకిల్‌కు వారపు రోజుల్లో ఉదయం 9 తర్వాత, శనాదివారాల్లో రోజంతా టికెట్ అక్కర్లేదు. 9కి ముందు ఎక్కితే సైకిల్‌కు వేరే టికెట్ తీసుకోవాలి.

స్టేషన్ నుంచి ద్రాక్షతోటల అంచునే హాంబాఖ్ కోటకు ఎక్కుడు. 1832 మే 27న వేలాది మంది నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండాలు పట్టుకుని ఈ కొండెక్కి, ఐక్య జర్మనీ కావాలనీ పత్రికలకు స్వేచ్ఛ కావాలనీ అడిగారు. ఇప్పటి జర్మన్ జెండా రంగులు అవే. కోట వాలు చివర్లో నిట్టనిలువుగా ఉంటుంది. తొలి గంటలోనే తొందరపడి ఎక్కితే రోజంతా దాని బాకీ తీర్చుకోవాలి. సైకిల్ దిగి తోసుకుంటూ వెళ్లడమే నయం.

అక్కడి నుంచి మైకామర్‌కు దిగి కాల్మిట్ రోడ్డు పట్టుకోవాలి. ఎనిమిది కిలోమీటర్ల అటూ ఇటూగా దాదాపు 480 మీటర్లు ఎక్కుతారు, అంటే సగటున ఆరు శాతం. ఈ యాత్ర మొత్తంలో పొడవైన ఎక్కుడు ఇదే. మొదటి రోజే అయిపోతుంది. పైనుంచి తూర్పున రైన్ మైదానమంతా కనబడుతుంది. వెనక అడవి వైపు టోటెన్‌కోఫ్ రోడ్డు మీదుగా దిగుడు. శనాదివారాల్లో ఇక్కడ మోటార్‌సైకిళ్ల జోరు ఎక్కువ, మలుపుల్లో అవి మీ వైపు వాలి వస్తాయి. వీలైతే మామూలు రోజున దాటండి.

కిందికి దిగితే ష్పయర్‌బాఖ్ వాగు. కాస్త దిగువకు వెళ్తే వాగుకు అటొకటి ఇటొకటిగా ష్పాంగెన్‌బెర్గ్, ఎర్ఫెన్‌స్టైన్ కోటలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు రెంటినీ కలుపుతూ తోలు వంతెన ఉండేదని స్థానికులు కథ చెబుతారు. చూసి, వెనక్కి తిరిగి వాగు వెంట ఎగువకు ఎల్మ్‌స్టైన్ చేరాలి. వాగు ఒడ్డు గమనించండి: చాలా చోట్ల రెండు పక్కలా చెక్కిన రాళ్లు పేర్చి ఉంటాయి. కట్టెలను నీటిలో వదిలి మైదానపు ఊళ్లకు తేల్చుకుపోయే రోజుల్లో, కట్టె ఒడ్డుకు తగిలి ఆగకుండా వాగును కాలవలా కట్టారు. అక్కడక్కడా కనిపించే చిన్న చెరువులు, వాళ్లు ‘వూగ్’ అనేవి, ఒక్కసారిగా నీళ్లు వదలడానికి నిలవ పెట్టుకున్నవి.

రెండో రోజు: ఎల్మ్‌స్టైన్ నుంచి ఆన్‌వైలర్

పొద్దున్నే వాగు వెంటే ఎక్కుడు, కాళ్లు నొప్పి పెట్టని వాలు. పైన యోహానిస్‌క్రోయ్ట్స్ అనే నాలుగు దారుల కూడలి, సుమారు 470 మీటర్లు. నీళ్లు చీలే మిట్ట ఇది. తూర్పున పడ్డ చినుకు ష్పయర్‌బాఖ్ మీదుగా నేరుగా రైన్‌కు పోతుంది. పడమట పడ్డది ష్వార్ట్స్‌బాఖ్, బ్లీస్, సార్, మోజెల్ నదులన్నీ తిరిగి చివరికి అదే రైన్‌లో కలుస్తుంది.

అక్కడి నుంచి రింటాల్ దాకా ఎక్కువగా దిగుడే. రోడ్డు సన్నం, వాహనాలు వేగం. ముందూ వెనకా లైట్లు పగలు కూడా వేసుకోండి. లోయలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. దారి పక్క చెట్లకూ స్తంభాలకూ అంకెలతో రక్షణ స్థానాల పలకలు ఉంటాయి. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేసి ఆ అంకె చెబితే చాలు, సాయం నేరుగా అక్కడికే వస్తుంది. దాటిన ప్రతి పలక అంకెనూ ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఆన్‌వైలర్‌లో సామాను బసలో దింపేసి, ఖాళీ సైకిల్‌తో ట్రీఫెల్స్‌కు వెళ్లండి. 494 మీటర్ల కొండ మీది ఈ కోటలో 1193లో ఇంగ్లండ్ రాజు, సింహహృదయుడు రిచర్డ్ కొన్ని వారాలు బందీగా ఉన్నాడు. 12, 13 శతాబ్దాల్లో చక్రవర్తుల కిరీటం, రాజదండం వంటి పట్టాభిషేక చిహ్నాలనూ ఇక్కడే దాచేవారు. ఇప్పుడు చూపించేవి వాటి నకళ్లు. పెద్ద భవనం చాలా వరకు 1938 తర్వాత కట్టింది. పాత పని చూడాలంటే బురుజు దగ్గరికి వెళ్లండి. రాళ్ల ముఖం మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట కనబడుతుంది. రాయిని పైకి లాగే ఇనుప పట్టకారు కొక్కెం దిగడానికి చెక్కిన గుంట అది. చుట్టూ అంచు నునుపుగా చెక్కి, మధ్య భాగాన్ని ఉబ్బెత్తుగా వదిలేశారు. ఈ గుంటను ఒకసారి గుర్తుపడితే తర్వాతి కోటల్లోనూ కనబడుతూనే ఉంటుంది.

మూడో రోజు: ఆన్‌వైలర్ నుంచి డాన్

తేలికైన రోజు. క్వైఖ్ నది వెంట సైకిల్ బాట హావెన్‌స్టైన్ దాకా, ఒక చిన్న మిట్ట దాటితే హింటర్‌వైడెన్‌టాల్. ఊరి పైన సైతాను బల్ల అనే రాయి, 14 మీటర్ల ఎత్తు: సన్నటి కాళ్ల మీద పెద్ద పలక మోపినట్టు. కింది మెత్తటి పొర అరిగిపోయి, పైని గట్టి పొర మిగిలితే ఇలా అవుతుంది. ఈ ప్రాంతపు కోటలన్నిటికీ పునాది ఇలాంటి గట్టి పొరలే.

సైకిల్ గుర్తులు తెల్ల పలక మీద ఆకుపచ్చ అక్షరాలతో ఉంటాయి. చెట్లకు వేసిన రంగు గుర్తులు నడిచేవాళ్లవి, వాటి వెంట పోవద్దు. ఇక్కడి అటవీ చట్టం ప్రకారం రోడ్ల మీదా వెడల్పాటి అటవీ బాటల మీదా తొక్కొచ్చు గానీ కాలిబాటల మీద తొక్కకూడదు. ఫోన్ యాప్ దగ్గర దారి చూపించిందని కాలిబాటలోకి దిగితే అది చివరికి మెట్ల దగ్గరకే తీసుకుపోతుంది.

డాన్‌లో సైకిల్ కట్టేసి ఆల్ట్‌డాన్, గ్రాఫెన్‌డాన్, టాన్‌స్టైన్ చూడాలి. ఒకే గట్టు మీద పక్కపక్కనే ఐదు రాతి దిబ్బలు, వాటి మీద మూడు కోటలు. తీరిగ్గా రెండు గంటలు పెట్టుకోండి. గోడల మీద వరసగా చదరపు రంధ్రాలు కనిపిస్తాయి. అవి దూలాలు దిగిన చోట్లు. వాటిని చూస్తే ఎక్కడ అంతస్తు ఉండేదో, కప్పు ఏ వాలున ఉండేదో మీరే చెప్పగలరు. చెక్క కుళ్లిపోయింది, రాయి లెక్క మిగిలింది.

ఇక్కడ బయట ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం నిషేధం. డాన్ పక్కన బ్యూటెల్‌వూగ్‌లో క్యాంపింగ్ స్థలం ఉంది. అడవిలో ముందుగా బుక్ చేసుకునే ట్రెక్కింగ్ స్థలాలు నడిచేవాళ్ల కోసం ఉద్దేశించినవి.

నాలుగో రోజు: డాన్ నుంచి లెంబాక్

దూరం 45 కిలోమీటర్ల లోపే. అయినా పొద్దున 8కి కదలకపోతే సాయంత్రానికి చేరరు. ఒకదాని వెంట ఒకటి మిట్టలు, మధ్యలో అతి ముఖ్యమైన రెండు కోటలు.

బూసెన్‌బెర్గ్ మీదుగా ఎర్లెన్‌బాఖ్ చేరితే బెర్వార్ట్‌స్టైన్. పిడుగుపడి 1591లో కాలిపోయి, 19వ శతాబ్దం చివర్లో మళ్లీ నిలిచిన కోట, ఇప్పటికీ మనుషులు ఉంటున్నది. రాతిలోకి 104 మీటర్ల లోతున తవ్విన బావిని గైడు చూపిస్తారు. నీళ్లు పోసి, శబ్దం వినబడేదాకా ఆగితే ఆ లోతు తెలుస్తుంది. పదిహేనో శతాబ్దం చివర్లో ఈ కోటను ఏలిన హాన్స్ ఫాన్ ట్రోటాకూ, దిగువన విసెంబూర్ మఠానికీ పెద్ద తగాదా. అతడు లౌటర్ నదికి అడ్డుకట్ట వేసి ఊరికి నీళ్లు ఆపేశాడనీ, తర్వాత కట్ట తెంచి వరద వదిలాడనీ చెబుతారు. సరిహద్దు అవతలి ఫ్రెంచి ప్రాంతం ఆల్సేస్‌లో క్రిస్మస్‌కు పిల్లలను భయపెట్టే హాన్స్ ట్రాప్ అనే బూచాడు ఇతనే.

అదే నది ఇప్పుడు సైకిల్ యాత్రికులకు మేలు చేస్తుంది. వాన పట్టుకున్నా, మోకాలు పట్టేసినా బుండెన్‌టాల్ దగ్గర లౌటర్ వెంట బాట పట్టుకుంటే పెద్ద ఎక్కుడు లేకుండా విసెంబూర్ చేరొచ్చు. అక్కడి నుంచి నోయ్‌స్టాట్ వైపు రైలు ఉంది. యాత్ర ఆపేయాలంటే ఇదే సరైన చోటు. ఇది దాటాక అడవి లోపలికి వెళ్తారు, తిరుగుదారి కష్టం.

ముందుకే వెళ్లేవాళ్లు రుంబాఖ్, షోనావ్, హిర్ష్‌టాల్ మీదుగా సాగాలి. రుంబాఖ్ తర్వాతి మిట్ట ఆ రోజుకు ఆఖరి గట్టి ఎక్కుడు. అక్కడికి చేరేసరికి ఆకలి వేయకూడదు. తినకుండా ఎక్కితే సగంలో కాళ్లు వణుకుతాయి. హిర్ష్‌టాల్ దాటగానే ఫ్రాన్స్. వాగు పేరు మాత్రమే మారుతుంది: జర్మనీలో సార్‌బాఖ్, ఇక్కడ సావెర్.

ఎడమన కొండ మీద ఫ్లెకెన్‌స్టైన్. దీన్ని తొందరలో చూసి పోవద్దు, కనీసం గంటన్నర ఉంచుకోండి. ఇది రాతి మీద కట్టింది ఎంతో, రాతిలోకి తొలిచింది అంత. మెట్లు, గదులు, నీటి తొట్టి అన్నీ ఒకే బండలో చెక్కినవి. లోపలి మెట్లు ఇరుకు, మధ్యలో పల్లంగా అరిగిపోయాయి. వానలో ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయి, అంచున అడుగు వేయండి. గోడ మీద ఉలి దెబ్బలు ఏటవాలు గీతల్లా ఇంకా స్పష్టంగా ఉన్నాయి, చేత్తో తడిమితే రవ్వంత ఇసుక వేళ్లకు అంటుతుంది. రెండు రోజులుగా మీ చైనును తినేస్తున్న ఇసుక అదే. ఫ్రెంచి సైన్యం 1680లో దీన్ని పడగొట్టింది.

అక్కడి నుంచి లెంబాక్‌కు దిగుడే.

ఐదో రోజు: లెంబాక్ నుంచి బిచ్

ముప్పై కిలోమీటర్ల చిల్లర. లెంబాక్ దగ్గరే ఫూర్ ఆ షో అనే నేలకోట ఉంది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్స్ సరిహద్దున కట్టుకున్న మాజినో రేఖలో భాగం. చూడాలంటే స్వెట్టర్ వేసుకోండి, ఎండాకాలంలోనూ లోపల చలే. తర్వాత నీడర్‌స్టైన్‌బాక్, ఓబర్‌స్టైన్‌బాక్ ఊళ్ల గుండా రోడ్డు సాగుతుంది. తల ఎత్తినప్పుడల్లా ఏదో ఒక రాతి కొన మీద గోడ ముక్క కనబడుతుంది. అన్నీ ఎక్కాలనిపిస్తుంది. ఒక్కటి ఎంచుకోండి: ఓబర్‌స్టైన్‌బాక్ ఊరి పైనే ఉన్న పెతీ ఆర్న్స్‌బూర్ చాలు.

స్టుర్జెల్‌బ్రోన్ నుంచి బిచ్ దాకా రోడ్డు వదలొద్దు. ఈ అడవిలో సైనిక శిక్షణ మైదానం ఉంది, నిషేధ పలక ఉన్న బాటలోకి దిగకూడదు. బిచ్ కోట ఊరి నడిబొడ్డున ఓడలా తేలినట్టుంటుంది. ఇప్పటిదాకా చూసిన మధ్యయుగపు కోటలకూ, ఫిరంగుల కాలపు ఈ దుర్గానికీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది: గోడలు పొట్టివి, మందం ఎక్కువ, వాలుగా ఉన్నాయి. 1870–71 యుద్ధంలో ఇది నెలల తరబడి ముట్టడిని తట్టుకుని నిలిచింది.

తిండి సంగతి ఇక్కడే చెప్పాలి. జర్మన్ వైపు అడవిలో ఫాల్ట్స్ అటవీ సంఘం గుడిసెల్లో భోజనం దొరుకుతుంది, చాలా వరకు నగదే తీసుకుంటారు, కొన్ని వారాంతాల్లోనే తెరుస్తారు. మాంసం తిననివాళ్లు తెల్ల జున్నుతో ఉడికించిన బంగాళాదుంపలు, ఆవిరి మీద ఉడికించిన డాంప్‌నూడెల్ అడగండి. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఫ్రాన్స్‌లో ఈ దారి సాగే రెండు జిల్లాల్లో (బా-రాన్, మోజెల్) చాలా చోట్ల గుడ్ ఫ్రైడే కూడా సెలవే. శనివారం సాయంత్రానికే రెండు పూటల తిండి సంచిలో ఉండాలి. నీళ్లకు శ్మశానాల కుళాయిలు బాగా పనికొస్తాయి. ఫ్రాన్స్‌లో కుళాయి మీద ‘నాన్ పొటాబ్ల్’ అని ఉంటే తాగకండి.

ఆరో రోజు: బిచ్ నుంచి సావెర్న్

ఇది పొడవైన రోజు, అరవై కిలోమీటర్ల దాకా. కోటలు తక్కువ, గాజు ఎక్కువ. ఇసుక, కొలిమికి కట్టె, నీళ్లు అన్నీ ఒకేచోట దొరికే ఈ లోయల్లో గాజు బట్టీలు వెలిశాయి. సాన్ లూయీలో 1586 నుంచి గాజు పని ఉంది, 1767లో రాజముద్ర వచ్చింది. మైజెంతాల్‌లో గాజు ఊదడం దగ్గర నుంచి చూడొచ్చు. వింగెన్‌లో గాజు కళాకారుడు లాలిక్ పేరిట మ్యూజియం ఉంది. మూడూ చూడాలంటే రోజు చాలదు, ఒక్కటి పెట్టుకోండి.

లా ప్తిత్ పియేర్‌కు ఎక్కుడు ఈ యాత్రలో చివరిది. ఊరు, కోట ఒకే రాతి ముక్కు మీద ఉన్నాయి. దిగితే గ్రౌఫ్తాల్: వేలాడే కొండ చరియ కిందే గోడలు కట్టి నీలం రంగు వేసిన ఇళ్లు, కప్పుగా రాయే. చివరగా ఉన్న మనిషి 1958 దాకా అందులోనే బతికింది. అక్కడి నుంచి జిన్‌సెల్ వాగు వెంట దిగుతూ డోసెన్‌హైమ్ మీదుగా సావెర్న్.

చీకటి పడితే ఫ్రాన్స్‌లో ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ కూడా.

సావెర్న్‌లో ఒక రోజు మిగిలితే కాలవ వెంట లుత్సెల్‌బూర్ మీదుగా ఆర్జ్‌విలేర్ వాలు లిఫ్టు దాకా వెళ్లిరండి. పడవను నీళ్ల తొట్టిలో పెట్టి 44.5 మీటర్ల ఎత్తుకు కొండవాలు మీద లాగే యంత్రమిది, 1969లో మొదలైంది. దానివల్ల మూలనపడ్డ 17 లాకుల పక్కనే పాత కాలవ గట్టు ఇప్పుడు సైకిల్ బాట. ప్రతి లాకు దగ్గరా ఒక చిన్న ఎక్కుడు, మధ్యలో చదును. ఆరు రోజుల తర్వాత కాళ్లకు హాయిగా ఉంటుంది.

స్ట్రాస్‌బూర్‌కు ఇదే కాలవ వెంట చదునుగా తొక్కుకుంటూ పోవచ్చు, లేదా ప్రాంతీయ రైలెక్కవచ్చు. రైల్లో సైకిల్‌కు డబ్బు లేదు గానీ చోటుంటేనే ఎక్కనిస్తారు. సాయంత్రం ఉద్యోగులు తిరిగే వేళ తప్పించి, సంచులు ముందే విప్పి చేతిలో పట్టుకుని, సైకిల్ బొమ్మ ఉన్న తలుపు దగ్గర నిలబడండి.